డాక్టరమ్మ అడిగింది పాప గురించి, అమ్మ చెప్పింది నా గురించి

మార్కాపురంలో నెలకు రెండు శనివారాలు ఒక డాక్టరమ్మ వస్తారు. జ్వరాలూ దగ్గులూ చూడరు. మాటలు ఆలస్యమైన పిల్లలు, చదువు ఎక్కని పిల్లలు, ఒక్కచోట నిలవని పిల్లలు, వీళ్లను చూస్తారు. పోయిన వానాకాలంలో నా కూతుర్ని అక్కడికి తీసుకుపోయాను. మా అమ్మను నేను రమ్మనలేదు. “పిల్లకి ఏమీ లేదు, నేనొచ్చి చెప్తా పద” అని ఉతికిన చీర కట్టుకుని, నాకంటే ముందే ఆటోలో కూర్చుంది.

నా కూతురికి తొమ్మిదేళ్లు. నాలుగో తరగతి. ఆ నెలలో మూడు నీళ్ల సీసాలు, ఒక టిఫిన్ మూత, ఒక కాలి సాక్సు పోగొట్టింది. రెండో కాలి సాక్సు మాత్రం జాగ్రత్తగా ఇంటికి తెచ్చింది. వాళ్ల టీచరు నన్ను పిలిపించి, “తెలివైన పిల్లేనమ్మా, కుర్చీలోనే ఉండదు. ఒకసారి చూపించండి” అంది. కోపంగా అనలేదు. అందుకే వెళ్లాను.

డాక్టరమ్మ చేతిలో పెద్ద కాగితం ఉంది. దాని మీద ప్రశ్నలు. ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టారు.

“వస్తువులు తరచుగా పోగొట్టుకుంటుందా?”

నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది. “అబ్బో, అడగొద్దు తల్లీ. ఒకసారి మేకపిల్లను పోగొట్టింది.”

డాక్టరమ్మ రాయబోయి ఆగారు. “మేకపిల్లనా?”

“ఆఁ. మేపుకురమ్మని పంపితే, మేకపిల్లను చెట్టుకు కట్టేసి, ఏ చెట్టుకు కట్టిందో మర్చిపోయి వచ్చినాది.”

“చెప్పిన మాట వింటున్నట్టే ఉండి, వినకుండా పోతుందా?”

“ఉప్పు తెమ్మని దుకాణానికి పంపితే ఉత్త చేతుల్తో వచ్చేది. ఉప్పేదే అంటే, దుకాణం కాడ కుక్క నాలుగు పిల్లల్ని పెట్టింది అని చెప్పేది.”

“తన వంతు వచ్చేదాకా ఆగగలుగుతుందా?”

“కడుపులోనే ఆగలేదు. ఎనిమిదో నెల్లోనే వచ్చేసినాది.”

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టారు. “పెద్దమ్మా, మనం ఎవరి గురించి మాట్లాడుకుంటున్నాం?”

“ఇంకెవరు, దీన్ని గురించే” అని అమ్మ వేలు నా వైపు చూపింది.

అసలు పరీక్షకు వచ్చిన మనిషి అప్పటికి మూలనున్న తూకం మిషను మీద ఉంది. “నా బరువు ఇరవై నాలుగు. నీ బ్యాగు మూడు కేజీలు డాక్టరాంటీ!” అని అరిచింది. డాక్టరమ్మ నవ్వేశారు. నవ్వుతూనే నా వైపు తిరిగి, “మీ చిన్నప్పుడు ఇల్లు ఎట్లా ఉండేది?” అని అడిగారు.

అంతసేపూ ఆగకుండా మాట్లాడిన అమ్మ అప్పుడు పమిట కొంగు సర్దుకుంటూ కూర్చుంది. జవాబు నేనే చెప్పాల్సి వచ్చింది. అక్కడ చెప్పింది కొంచెమే. మిగిలింది ఇక్కడ చెబుతాను.

మాది పెద్దారవీడు వైపు ఒక చిన్న ఊరు. నాకు ఊహ తెలిసేసరికి మా నాయన నడుము విరిగిన మనిషి. పలకరాయి క్వారీలో పని చేస్తుంటే బండ జారి మీద పడిందని చెప్పేవాళ్లు. రెండేళ్లు మంచంలోనే ఉండి, తర్వాత కర్ర పట్టుకుని వీధి చివర దాకా నడవగలిగాడు. అంతకు మించి అడుగు పడేది కాదు. ఒక్కోరోజు నొప్పి ఎక్కువై గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఆ రోజు ఇంట్లో ఎవరమూ గట్టిగా మాట్లాడేవాళ్లం కాదు. నాకు అది చచ్చేంత కష్టం. రెండు నిమిషాలు మౌనంగా ఉంటే మూడో నిమిషంలో గిన్నె కింద పడేసేదాన్ని.

అమ్మ పొద్దున్నే మొదటి బస్సుకు మార్కాపురం పోయి పలకల ఫ్యాక్టరీలో పని చేసేది. పలకలకు చెక్క చట్రాలు బిగించే పని. దీపాలు పెట్టే వేళకు తలా, కనుబొమ్మలూ బూడిదరంగు దుమ్ముతో ఇంటికి వచ్చేది. ఇంట్లో ఉండే మా అవ్వకు చెవులు వినపడవు. కాబట్టి పగలంతా నన్ను నేనే పెంచుకున్నానని చెప్పాలి. ఆ పెంపకం అంత బాగా సాగలేదు.

పలకల ఫ్యాక్టరీలో పనిచేసే తల్లికి పుట్టిన నేను బడికి పలక లేకుండా పోయేదాన్ని. అమ్మ అంచు విరిగిన పలకలను అడిగి తెచ్చేది. అవి నా చేతిలో రెండు రోజులు నిలిస్తే గొప్ప. ఒకటి కూర్చుని పగలగొట్టాను, ఒకటి బస్సు కింద పెట్టి చూశాను, ఒకటి కాకి మీదికి విసిరాను. మా బడి సారు, “ఏందే నువ్వు, పలకలు తింటావా?” అనేవాడు. క్లాసులో అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. ఇంటికి పోయాక దొడ్లో కూర్చుని, రేపట్నుంచి కదలకుండా కూర్చుంటానని ఒట్టు వేసుకునేదాన్ని. మర్నాడు ప్రార్థన పూర్తి కాకముందే ఆ ఒట్టు పోయేది.

ఊళ్లో వాళ్లు తలా ఒక కారణం చెప్పేవాళ్లు. గాలి సోకిందని ఒకరు. తండ్రి మంచాన పడితే పిల్లలు ఇట్లనే తిక్కగా తయారవుతారని ఒకరు. నాలుగు తగిలిస్తే సర్దుకుంటుందని చాలామంది. అవ్వ మెడలో తాయెత్తు కట్టించింది. అదీ పోగొట్టాను.

పదేళ్ల వయసులో నేను చేసిన ఘనకార్యం మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ రోజు అమ్మకు సెలవు దొరకలేదు. నాయనకు మాత్రలు అయిపోయాయి. ఉదయం నన్ను అమ్మతో పాటు బస్సెక్కించి పంపారు. అమ్మ మందుల దుకాణంలో మాత్రలు కొనిపెట్టి, బస్టాండులో మా ఊరి బస్సు ఆగే చోట నిలబెట్టి, “ఈడనే ఉండు. మన బస్సు రాంగానే ఎక్కు. ఇంకేం చెయ్యొద్దు” అని చెప్పి పనికి పోయింది.

నేను అక్కడే ఉన్నాను. నిజంగానే ఉన్నాను. కానీ పక్కన ఆగిన బస్సులో ఒక ముసలామె ఒడిలో బుట్ట పెట్టుకుని కూర్చుంది. బుట్ట నిండా కోడిపిల్లలు. కిటికీలోంచి ఎన్ని ఉన్నాయో లెక్క తెగలేదు. ఎక్కి చూసి దిగుదామనుకున్నాను. ముసలామె ఒక పిల్లను నా అరచేతిలో పెట్టింది. వెచ్చగా, గుండె టకటకా కొట్టుకుంటూ ఉంది. బస్సు ఎప్పుడు కదిలిందో నాకు తెలియదు.

జనం ఎక్కువగా ఉండి కండక్టరు నా దగ్గరకు వచ్చేసరికి బస్సు పొదిలి దాటిపోయింది. “యాడికి పాపా?” అన్నాడు.

“మా ఊరికి.”

“మీ ఊరేది?”

చెప్పాను. ఆయన నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. “ఇది దర్శి బస్సు కదమ్మా! మీ ఊరు ఎనకాల ఉండిపోయింది!”

దర్శిలో దింపి, బస్టాండు హోటల్లో ఇడ్లీ పెట్టించి, మార్కాపురం పోయే బస్సు కండక్టరుకు అప్పగించాడు. “చూడన్నా, ఈ పాపని కిటికీ పక్కన కూసోబెట్టొద్దు” అని మరీ చెప్పాడు. మార్కాపురంలో ఆ కండక్టరు నన్ను మా ఊరి బస్సు ఎక్కించాడు. అట్లా మధ్యాహ్నానికి చేరాల్సిన దాన్ని పొద్దు వాలాక మా ఊరి రోడ్డు మీద దిగాను. ఒక చెప్పు దర్శి బస్సులో ఉండిపోయింది. మాత్రల పొట్లం మాత్రం చేతిలోనే ఉంది. చెమటకు తడిసి మెత్తబడింది కానీ, గుప్పిట విప్పలేదు.

బస్సు ఆగే చోట వేపచెట్టును పట్టుకుని మా నాయన నిలబడి ఉన్నాడు. మా ఇంటి నుంచి ఆ రోడ్డు కిలోమీటరుకు పైనే. వీధి చివర దాటి ఆయన అడుగు వేయడం నేను ఎప్పుడూ చూడలేదు. చొక్కా మొత్తం తడిసిపోయింది.

దెబ్బలు పడతాయని అక్కడే ఆగిపోయాను. ఆయన పొట్లం తీసుకోలేదు. నా భుజం మీద చెయ్యి వేసి, బరువంతా నా మీద మోపాడు. “నడువు. నిదానంగా పోదాం” అన్నాడు. ఆ కిలోమీటరు నడవడానికి మాకు చీకటి పడింది. నా జీవితంలో అంత నిదానంగా నేను నడిచింది ఆ ఒక్కరోజే. దారిలో ఒకచోట ఆగి, “ఆ బుట్టలో ఎన్ని పిల్లలుండె?” అని అడిగాడు. పదకొండు అని చెప్పాను. కోడిపిల్లల సంగతి ఆయనకు ముందే ఎట్లా తెలుసని అప్పుడు నాకు తోచలేదు. బస్టాండులో చూసినవాళ్లెవరో ఊళ్లో చెప్పి ఉంటారు.

నా చదువు కథ ఇంకో రకం. ఎక్కాలు నోటికి వచ్చేవి కావు. కూర్చుని చదివితే మూడో ఎక్కం దగ్గరే ఆగిపోయేదాన్ని. మా ఇంటి పక్కన గొర్రెలు మేపే ఒక ఆమె ఉండేది. చుట్టరికం లేకపోయినా పెద్దమ్మ అనేదాన్ని. ఆదివారాలు నన్ను కొండవారకు తీసుకుపోయేది. ఒకరోజు గొర్రెల వెనకాల నడుస్తూ ఎక్కాలు గొణుక్కుంటున్నాను.

“ఏందే అది, మంత్రమా?” అంది పెద్దమ్మ.

“ఎక్కాలు పెద్దమ్మా. సారు రేపు అడుగుతాడు.”

“అయితే గట్టిగా చెప్పు. మనం యాడున్నామో గొర్రెలకి తెలుస్తుంది.”

గట్టిగా చెప్పాను. నడుస్తూ చెబితే వస్తున్నాయి! ఆ వానాకాలం అయ్యేలోగా పద్దెనిమిదో ఎక్కం దాకా వచ్చాయి. గొర్రెలకూ వచ్చే ఉంటాయి. ఆ తర్వాత ఒకరోజు బడిలో సారు పన్నెండో ఎక్కం అడిగితే, “వరండాలో నడుస్తూ చెప్తా సార్” అన్నాను. ఆయన ఏ కళన ఉన్నాడో, సరే అన్నాడు. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరుగుతూ ఒక్క తప్పు లేకుండా చెప్పేశాను. ఆ రోజు క్లాసులో ఎవరూ నవ్వలేదు.

పరీక్ష హాల్లో వరండా ఉండదు కదా. పదో తరగతి రెండోసారికి గట్టెక్కాను. తర్వాత పశువుల వైద్యానికి సంబంధించిన డిప్లొమా చేశాను. ఇప్పుడు నా పని గొర్రెలకూ బర్రెలకూ టీకాలు వేయడం. స్కూటీ మీద ఊరూరూ తిరగాలి, దొడ్లలో పరిగెత్తాలి, పొట్టేలును పట్టుకోవాలి. కూర్చునే పని లేదు. ఇంతకంటే నాకు కుదిరే ఉద్యోగం ఈ భూమ్మీద లేదనుకుంటాను. రిపోర్టులు రాసే రోజు మాత్రం ఇప్పటికీ నాకు జ్వరం వచ్చినట్టు ఉంటుంది.

నేను చెప్పిన ఆ కొంచెం విన్నాక డాక్టరమ్మ మా పాపను గంటసేపు ఆడించి, రాయించి, ప్రశ్నలు అడిగి, చివరికి చెప్పారు. “పాపకు ఏడీహెచ్‌డీ ఉంది. మనసు ఒకచోట నిలవదు, ఒళ్లు ఆగదు. పెంకితనం కాదు. మెదడు ఎదిగే తీరులో ఉన్న తేడా. మీకూ ఉందనే నాకు అనిపిస్తోంది. కావాలంటే మీకూ విడిగా చూద్దాం.”

“ఎందుకొస్తుంది డాక్టరమ్మా?” అంది అమ్మ.

“ఒక్క కారణం చెప్పలేం పెద్దమ్మా. ఇంట్లో ఒకరికి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ. నెలలు నిండకుండా పుట్టినా, తల్లి కడుపుతో ఉన్నప్పుడు తిండి చాలకపోయినా, దిగులుతో ఉన్నా, పసితనంలో ఇంట్లో కష్టం మీద కష్టం వచ్చినా ఆ అవకాశం ఇంకొంచెం పెరుగుతుంది. కొంచెమే. అంతకంటే పెద్ద కష్టాల్లో పెరిగిన పిల్లలకు కూడా చాలామందికి ఏమీ ఉండదు. ఏ కష్టమూ లేని ఇళ్లలోనూ ఇట్లాంటి పిల్లలు ఉంటారు.”

అమ్మకు ఆ ‘కొంచెమే’ వినపడలేదు. “అంటే నేను తినకపోబట్టే ఇది ఇట్లయింది.”

డాక్టరమ్మ కుర్చీ ముందుకు జరుపుకున్నారు. “మీరు తినలేదా, తినడానికి లేకపోయిందా?”

“లేకపోయింది.”

“అయితే అది మీ తప్పు ఎట్లా అవుతుంది?”

డాక్టరమ్మ అమ్మ చేతిని కాసేపు పట్టుకుని కూర్చున్నారు. బయట ఇంకా పదిమంది ఎదురుచూస్తున్నారు. అయినా తొందరపడలేదు.

బయటకు వచ్చాక ఆకలేస్తోందని పాప గోల పెడితే హోటల్‌కు వెళ్లాం. కారం దోసెలు చెప్పాం. అక్కడ అమ్మ, నా ముప్పై ఎనిమిదేళ్లలో ఎప్పుడూ చెప్పని మాట చెప్పింది.

“మీ నాయన మీద బండ పడిన రోజు నువ్వు నా కడుపులో ఏడో నెల.”

నేను దోసె తుంచడం ఆపేశాను. నాయన నడుము ఎప్పుడో విరిగిందని తెలుసు. ఆ ‘ఎప్పుడో’లో నేను కూడా ఉన్నానని నాకు ఎవరూ చెప్పలేదు.

“పెద్దాసుపత్రి వరండాలో మూడు వారాలు ఉంటిని. టీలో బన్ను ముంచుకోని తినేదాన్ని. ఒక పూట అదీ లేదు. ఇంటికొచ్చినాక పనికి పోకుంటే గడవదు. నేల మీద కూసోని చట్రాలు బిగిస్తుంటే నువ్వు లోపల తన్నేదానివి. తన్నినప్పుడల్లా ఆకలికి తన్నుతుందేమోలే అనుకునేదాన్ని.” అమ్మ నీళ్లు తాగింది. “పుట్టినప్పుడు ఇంతుంటివి. మీ అవ్వ దూదిలో చుట్టి పెట్టినాది. బతికితే చాలు అనుకున్నా. బతికినాక, ఒకచోట కూసోదని తిట్టినా, కొట్టినా.”

నా దోసెలో సగం తుంచి అమ్మ ప్లేట్లో వేశాను.

“ఇప్పుడు పెడితే ఏం లాభమే, అప్పుడు పెట్టాల్సింది” అని అమ్మ కళ్లు తుడుచుకుని, ఆ సగం కూడా తినేసి, ఇంకో ప్లేటు చెప్పమంది. పాప ఈలోగా హోటల్ వాళ్ల పిల్లితో స్నేహం చేసేసింది.

మర్నాడు టీకాల పని మీద పోతూ రోడ్డు పక్కన స్కూటీ ఆపాను. ఎందుకో ఏడుపు వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్లుగా నన్ను తిక్కది అన్నారు, మతి లేనిది అన్నారు, కోతి అన్నారు. నేనూ నన్ను అట్లాగే పిలుచుకున్నాను. ఇప్పుడు ఆ మాటలన్నీ తీసేసి, నాలుగు ఇంగ్లీషు అక్షరాలు పెట్టారు. అవి నాకు భారంగా లేవు. బడిలో కదలకుండా కూర్చోలేని ఆ పిల్లను పిలిచి, నీకు చేతనైనంత చేశావే అని చెప్పాలనిపించింది. కాసేపు ఏడ్చి, ముఖం కడుక్కుని, నూట ఇరవై గొర్రెలకు టీకాలు వేశాను.

నా పరీక్ష సంగతి నవ్వులాట అయింది. డాక్టరమ్మ ఇంటి దగ్గర నింపి తెమ్మని ఒక ఫారం ఇచ్చారు. టీ కొట్లో మర్చిపోయాను. రెండోది ఇచ్చారు. దాన్ని పొట్టేలు నమిలింది. మూడోసారి చేతులు కట్టుకుని నిలబడితే ఆమె నవ్వి, “ఇక్కడే కూర్చుని నింపండి. జవాబు నాకు సగం తెలిసిపోయింది” అన్నారు.

పాపకు ఇప్పటికైతే మందులు వద్దన్నారు. నెలకు రెండుసార్లు తీసుకువస్తే తానే కొన్ని పద్ధతులు నేర్పుతానన్నారు. ఇంట్లో ఒకసారికి ఒక పనే చెప్పాలి. బడిలో ముందు వరసలో కూర్చోబెట్టాలి, మధ్యమధ్యలో లేచి తిరగనివ్వాలి. వాళ్ల టీచరు అన్నిటికీ ఒప్పుకుంది. నోటుపుస్తకాలు క్లాసులో అందరికీ పంచే పని పాపకే అప్పగించింది. ఆరు నెలల్లో అద్భుతాలేమీ జరగలేదు. నీళ్ల సీసాలు ఇంకా పోతున్నాయి. కానీ తెలుగు నోటుపుస్తకం మొదటి పేజీ నుంచి చివరి దాకా నింపింది. అది ఆటో నడిపే మా ఆయనకు చూపించడానికి స్టాండు దాకా పరిగెత్తింది.

మారింది ఎక్కువగా మా అమ్మే. మా వీధిలో కొత్తగా కాపురానికి వచ్చిన ఒక పిల్ల ఉంది. కొమరోలు వైపు నుంచి వచ్చింది. బోరు ఎండిపోయి పైరు పోతే మొగుడు బెంగుళూరుకు కూలికి పోయాడు. ఆ పిల్లకు ఐదో నెల. ఒంటరిగా ఉంటుంది, వండుకోదు, సాయంత్రమైతే గడపలో కూర్చుని ఫోను చూసుకుంటూ ఏడుస్తుంది. ఇదివరకైతే అమ్మ, పాపం అనుకుని లోపలికి వచ్చేసేది. ఇప్పుడు రోజూ పొద్దునా సాయంత్రం గిన్నె పట్టుకుని అక్కడికి పోతుంది. రాగిసంగటి, పప్పు, ఉడికించిన గుడ్డు. తినేదాకా లేవదు. అంగన్‌వాడీకి తోడు పోతుంది. మొగుడికి ఫోను చేసి, “పదిహేను దినాలకోసారి వచ్చి పోవాల అల్లుడా. డబ్బులు ఒక్కటే పంపితే చాలదు, పిల్ల దిగులు పడతాంది” అని గద్దిస్తుంది. అతను నిజంగానే వారం విడిచి వారం రావడం మొదలుపెట్టాడు.

మొన్న నేను పనికి బయల్దేరుతుంటే ఆ గడపలో ఇద్దరూ కనపడ్డారు. ఆ పిల్ల మొహమాటపడుతూ అడుగుతోంది. “నేను నీకేమవుతానని ఇంత చేస్తావు పెద్దమ్మా?”

“ఏమవుతావో తర్వాత చెప్పుకుందాంలే” అంది అమ్మ. “ఆ గుడ్డు పచ్చసొన పక్కన పెట్టినావేంది? తిను, నాకు ఇంకా శానా పనులుండాయి.”